పొద్దు గూకే వేళ నాన్న రౌండ్లు

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. హాంబర్గ్‌లో తెలుగువాళ్ళం నలుగురం కలిసినప్పుడు ఎవరైనా ఇలాంటి కథ మొదలుపెడితే, "ముందు రాత్రి ఏం తిన్నావో చెప్పు" అని వాళ్ళ నోరు మూయించేది నేనే. ఇది చదివాక మీరు నన్నూ అదే అడగొచ్చు. అడగండి, తప్పులేదు.

మా నాన్న నేవీలో పనిచేశారు. డెబ్బై ఒకటి యుద్ధంలో ఇరవై ఏళ్ళ వయసులో ఒక లైట్ క్రూయిజర్ మీద ఉన్నారు. బ్రిటిష్ వాళ్ళ దగ్గర కొన్న పాత యుద్ధనౌక అది. పేరు చెప్పను, నేవీ ఇళ్ళవాళ్ళకి ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది.

చిన్నప్పుడు ఫిరంగుల గురించి చెప్పమని ప్రాణం తీసేవాళ్ళం. ఆయన డ్యూటీ ఫిరంగుల దగ్గర కాదు. పొద్దు గూకగానే కింది డెక్కులన్నీ తిరిగి, గుండ్రటి కిటికీలకు ఇనప మూతలు బిగించి, ఒక్క చుక్క వెలుతురు బయటికి పోకుండా చూడటం ఆయన పని. చీకటి సముద్రం మీద సిగరెట్ నిప్పు కూడా శత్రువుకి ఆనవాలేనట. ఆ యుద్ధంలోనే మన ఓడ ఒకటి మునిగింది. ట్రైనింగ్‌లో నాన్న పక్క మంచం అతను అందులో ఉన్నాడు. ఆ సంగతి మాకు అమ్మ చెప్పిందే గానీ ఆయన ఎప్పుడూ ఎత్తలేదు.

రిటైరై మల్కాపురంలో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ డ్యూటీ ఆగలేదు. సాయంత్రమయ్యేసరికి ఆరు కిటికీలూ మూయాల్సిందే. మూసిన ప్రతిదాన్నీ వేళ్ళ కణుపులతో రెండుసార్లు టకటకమని కొట్టి చూసేవారు, బిగిసిందో లేదో అని. వైజాగ్ ఉక్కపోతలో లోపల మేం ఉడికిపోయేవాళ్ళం. వీధిలో మా ఇంటికి సబ్‌మెరైన్ అని పేరు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఉక్క కూడా ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

అమ్మ పోయాక, నాన్నను మూడు నెలలుందువుగాని రమ్మని హాంబర్గ్ తీసుకొచ్చాను. ఆయన వచ్చిన రెండు వారాలకే కరోనాతో విమానాలు ఆగిపోయాయి. వీసా పొడిగింపు అపాయింట్‌మెంట్ కోసం నేను తలకొట్టుకుంటుంటే, ఆయన మాత్రం మా ఫ్లాటు కిటికీలను చూసి మురిసిపోయారు. జర్మనీలో చాలా ఇళ్ళకున్నట్టే మా కిటికీలకు బయట రోలాడెన్‌లు, అంటే పైనుంచి దిగే షట్టర్లు, ఉన్నాయి. లోపల గుడ్డ పట్టీ లాగి వదిలితే పలకలు గడగడా దిగి గది చిమ్మచీకటి అయిపోతుంది. "ఇదీ మూత అంటే" అన్నారు.

ఇక మొదలు. ఐదు కిటికీల షట్టర్లూ వరుసగా దింపడం, ఒక్కొక్కటీ రెండుసార్లు కొట్టడం. ఎదురు బిల్డింగ్‌లో ఒంటరిగా ఉండే ముసలావిడ ఆ టైముకి బాల్కనీలోకి వచ్చి ఆయనకి చెయ్యి ఊపేది. తర్వాత నాన్న వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి ఊరికే నిలబడేవారు. నేను గిన్నెలు తోముతూ, "ఏం కావాలి నాన్నా?" అనేదాన్ని. "ఏటీ లేదమ్మా" అని కాసేపుండి వెళ్ళిపోయేవారు.

ఎండాకాలం ఇక్కడ రాత్రి పదింటికి గానీ పొద్దు గూకదు. పాపం ఆవలిస్తూ దానికోసం కూర్చునేవారు. జూలైలో ఒకరోజు, ఆఫీసు చిరాకు, గదిలో వేడి, పైగా కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండని ఊరంతా చెబుతున్న రోజులు. నాన్న పట్టీ పట్టుకోగానే అరిచేశాను. "ఇది ఓడ కాదు నాన్నా, నా ఇల్లు. ఇక్కడ నీ మీద ఎవరూ టార్పెడో వెయ్యరు. వదిలెయ్."

"అలాగేనమ్మా" అన్నారు. తర్వాత స్పెషల్ విమానంలో సీటు దొరికేదాకా, మూడు వారాలు, ఒక్క కిటికీ ముట్టుకోలేదు. పొద్దు గూకే వేళ చేతులు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చునేవారు. నాకు కనబడుతూనే ఉంది. మూసెయ్యి నాన్నా, పరవాలేదు అనడానికి నోరు రాలేదు. పొగరు, అంతే.

మరుసటి ఏడు సెకండ్ వేవ్‌లో నాన్న పోయారు. నేను వెళ్ళలేకపోయాను.

ఆ నవంబర్‌లో ఒకరోజు బ్రెడ్ కొనడానికి వెళ్ళి నాలుగున్నరకి తిరిగొస్తే ఐదు రోలాడెన్‌లూ దిగి ఉన్నాయి. మా ఆయన వేశాడనుకున్నాను. ఆయన ఆఫీసులోనే ఉన్నాడు. పట్టీలు జారి ఉంటాయన్నాడు. ఐదూ ఒకేసారి జారతాయా? బిల్డింగ్ మరమ్మతులు చూసే అతన్ని పిలిపిస్తే, అన్నీ లాగి చూసి, గట్టిగానే ఉన్నాయని చెప్పి పోయాడు.

వారం తర్వాత వీధిలో ఎదురు బిల్డింగ్ ముసలావిడ ఆపింది. మీ నాన్నగారు మళ్ళీ వచ్చారా, మొన్న షట్టర్లు మునుపటిలాగే ఒక్కొక్కటీ దిగాయి, మనిషే కనబడలేదు అంది. నాన్న పోయారని ఆమెకి చెప్పలేకపోయాను. ఊరికే తలాడించాను.

తర్వాతిసారి నేను ఇంట్లోనే ఉన్నాను, వంటింట్లో ఒక్కదాన్నే. ముందుగదిలో పలకలు దిగిన చప్పుడు, తర్వాత రెండు దెబ్బలు. పక్క గది, రెండు దెబ్బలు. అలా ఐదూ అయ్యాయి. అడుగులు నడవలోంచి వచ్చి గుమ్మం దగ్గర ఆగాయి. తిరిగి చూశాను. ఎవరూ లేరు. కానీ అక్కడ ఎవరో దేనికోసమో ఎదురు చూస్తున్నారని తెలుస్తూనే ఉంది. భయం వేయలేదు, ఏడుపొచ్చింది.

వైజాగ్‌లో అన్నయ్యకి ఫోన్ చేశాను. అంతా విని అన్నాడు:

"నీకు తెల్దా? ఆ టైముకి నువ్వు ఎక్కువగా ట్యూషన్లో ఉండేదానివి. నాన్న కిటికీలన్నీ మూసేసి వంటింటి గుమ్మంలో నిలబడేవోరు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచే 'సరే' అనేది. ఓడలో రిపోర్ట్ ఇస్తే పైఆఫీసర్ అలా అనాలంట. అనేదాకా డ్యూటీ అవనట్టే. అది విన్నాకే వెళ్ళి కూర్చునేవోరు."

మా ఇంట్లో నాలుగు నెలలు రోజూ వచ్చి నిలబడ్డారు. నేనేమో ఏం కావాలని అడిగాను.

ఇది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. వివరించగలిగినవాళ్ళు వివరించండి, వింటాను. నెలకో రెండు నెలలకో ఒకసారి, నేను ఒంటరిగా ఉన్న సాయంత్రం, ఆ అడుగులు వచ్చి గుమ్మం దగ్గర ఆగుతాయి. అటు తిరిగి క్షమించు నాన్నా అని చాలాసార్లు చెప్పాను. అమ్మ అనే ఆ ఒక్క మాట మాత్రం ఇంకా అనలేదు. అనేస్తే డ్యూటీ అయిపోయి వెళ్ళిపోతారేమో. ఆ వయసు మనిషిని అలా నిలబెట్టి ఉంచడం తప్పని తెలుసు. ఈసారి వచ్చినప్పుడు అంటాను అనుకుంటూనే ఉన్నాను.