ఒక పట్టీ ఎక్కువైన ప్రయాణం

మా బండి వెనక భాగం కుంగిపోయి రెండేళ్లయింది. పదిహేనేళ్ల పాత పికప్. కౌకూర్‌లో మా ఇంటి వెనక చిన్న నర్సరీ ఉంది. మొక్కలు పెంచేది మా ఆయన రాములు, వాటిని బండిలో పెట్టుకుని యాప్రాల్, బొల్లారం వీధుల్లో తిప్పేది నేను. తడి మట్టి కుండీలు మోసీ మోసీ వెనక కమాన్లు చదునైపోయాయి. కమాన్లంటే ఇరుసు మీద బండి బరువంతా మోసే ఉక్కు పట్టీల కట్టలు, విల్లులా వంగి ఉండాలి. మావి వంపు పోగొట్టుకోవడంతో బండి ముక్కు పైకి లేచి, లైట్లు వేస్తే వెలుగు రోడ్డు మీద కాక చెట్ల కొమ్మల్లో పడేది. నాకు అదీ బాగానే ఉండేది. ఏ చెట్టు మీద ఏ పిట్ట పడుకుంటుందో నాకు తెలిసినట్టు మా వీధిలో ఇంకెవరికీ తెలియదు.

మొన్నటి వానాకాలంలో మామిడి అంటు కుండీ ఎత్తబోయి మా ఆయన నడుము పట్టేసింది. వెన్నుపూసల మధ్య ఏదో జారిందన్నారు. ఆపరేషన్ అక్కర్లేదు, జాగ్రత్తగా ఉండాలన్నారు. అప్పటి నుంచి ఆయన బండెక్కలేదు. ఏ గుంత తగిలినా బండి అడుగు ఇరుసుకు ధన్‌మని కొట్టుకునేది, ఆ దెబ్బ ఆయన వెన్నులో దిగేది. ఇన్నేళ్లూ నా పక్క సీట్లో కూర్చుని, ప్రతి మొక్కకూ ఒక కథ చెప్పి అమ్మిన మనిషి ఇంట్లో గోడకు ఆనుకుని నిలబడటం మొదలుపెట్టాడు. కూర్చుంటే నొప్పి, పడుకుంటే నొప్పి. కంటి నిండా నిద్రపోయి నెలలైంది. మాట కూడా తగ్గిపోయింది. అమ్మకం సంగతి అటుంచండి, ఆ ఖాళీ సీటును పక్కన పెట్టుకుని బండి నడపడం నా వల్ల కాలేదు.

కమాన్లు బాగు చేయిస్తాను, ఒక్కసారి వచ్చి కూర్చుని చూడు అని వెంటపడ్డాను. చాలా రోజులు తప్పించుకుని చివరికి ఒప్పుకున్నాడు.

“ఒక్కసారికే వస్త. మళ్ల నొప్పి లేసిందనుకో, ఇగ నన్ను అడగొద్దు,” అన్నాడు.

అందుకే మేడ్చల్ దాకా పోయి రావడం నాకు చిన్న ప్రయాణం కాలేదు.

పుష్యమాసపు పొద్దు. మంచు ఇంకా విడవలేదు. ఇద్దరం చెరో దారిన బయలుదేరాం. పోయేటప్పుడు పాత కమాన్లే కదా, ఆయన్ను బండిలో ఎక్కించే పని లేదు. నడిస్తే నొప్పి తక్కువ కాబట్టి ముందే బయలుదేరి బొల్లారం స్టేషన్‌కు నడిచి వెళ్లి మేడ్చల్ రైలెక్కాడు. నేను ఏడు దాటాక బండి తీసి కొంపల్లి దగ్గర హైవే ఎక్కాను. ఆ వేళలో మేడ్చల్ వెళ్లే వాళ్లకు రైలే నయమని చెప్పగలను. హైవే మీద లారీలు మంచులోంచి సగం సగం కనిపించి, దగ్గరికొచ్చేసరికి పూర్తయ్యేవి. నిద్ర సరిగా విడవకుండానే నడుపుతున్నట్టు అనిపించింది. రేడియో కూడా పెట్టబుద్ధి కాలేదు.

ఎనిమిదిన్నర ప్రాంతంలో మేడ్చల్ స్టేషన్ బయట కలుసుకున్నాం. రైల్లో దారంతా నిలబడే వచ్చాడట. కరివేపాకు మూటతో కూర్చున్న ఒక అవ్వ జరిగి చోటిచ్చి, “కూసో బిడ్డా, నిలబడితే టికెట్ పైసలు వాపస్ ఇస్తరా?” అందట. చెబుతూ కొంచెం నవ్వాడు. నాకు ఆ పూటకి అది చాలు. పక్కనే తోపుడు బండి దగ్గర ఇడ్లీ తిని, అల్లం చాయ్ తాగి దుకాణానికి వెళ్లాం.

ఖాదర్ భాయ్ కమాన్ల దుకాణం హైవే పక్కన ఒక రేకుల షెడ్డు. ఆయన బండి వెనక వంగి చూసి, జాలిగా నాలుక చప్పరించి పని మొదలుపెట్టాడు. జాకీల మీద బండిని లేపి చక్రాలు విప్పారు. కమాన్ కట్టను ఇరుసుకు బిగించి పట్టే యూ బోల్టులు తుప్పుతో అతుక్కుపోయి ఉంటే డీజిల్ పోసి నానబెట్టారు. ఊడదీసిన పట్టీలను పొట్టి నుంచి పొడుగు దాకా వరసగా నేల మీద పరిస్తే, వేణువులు ఒక్కటొక్కటే తీసి పెట్టినట్టుంది. ఒక పట్టీ చీలింది, దాన్ని పక్కన పడేశారు. మిగతావాటిని దాగలి మీద పెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా సమ్మెటతో కొడుతూ వంపు తెస్తున్నారు. మధ్య మధ్య నేల మీద సుద్దతో గీసిన వంపు గీతకు ఆనించి చూస్తున్నారు. దెబ్బ మీద దెబ్బ, అదే తాళం. వింటూ వింటూ నేను ఎక్కడున్నానో మరిచిపోయాను. తెలిసేసరికి ఎండ షెడ్డు లోపలి దాకా వచ్చింది.

తప్పు నేను చేసింది అప్పుడే. చీలిన దాని బదులు కొత్తది వేస్తుంటే, రెండు పక్కలా ఇంకో పట్టీ అదనంగా వేయమన్నాను. ఇక జన్మలో కుంగకూడదు, అడుగు కొట్టుకోకూడదు, ఆయన వెన్నుకు దెబ్బ తగలకూడదు. నా ఆలోచన అంతే. ఖాదర్ భాయ్ కూడా హుషారుగా, “ఏసుకో అక్కా, పదేండ్లు మళ్ల నా మొకం చూడవు,” అన్నాడు. పట్టీల మధ్య గ్రీజు పూసి, కొత్త బోల్టులతో బిగించే పనిలో పడ్డారు.

మేము బస్ డిపో వైపు వెళ్లి ఒక చిన్న హోటల్లో భోజనం చేశాం. పప్పు, వంకాయ కూర, పచ్చి పులుసు. అన్నం వేడిగా ఉంటుంది, ఆకలేస్తే వెళ్లొచ్చు. మా ఆయన చేయి కడుక్కునే తొట్టి పక్కన నిలబడి తిన్నాడు. వడ్డించే అతను రెండు సార్లు కుర్చీ చూపించి, తర్వాత ఏం అనుకున్నాడో పళ్లెం పెట్టుకోవడానికి ఒక స్టూలు తెచ్చి ఇచ్చాడు.

మూడు దాటాక బండి చేతికొచ్చింది. వెనక భాగం ముందుకన్నా ఎత్తుగా, ఎత్తు మడమల చెప్పులేసుకున్నట్టు నిలబడింది. నాకు మహా గర్వంగా ఉంది. ఖాదర్ భాయ్ ఒక సంగతి గట్టిగా చెప్పాడు, మీరూ గుర్తు పెట్టుకోండి: కొత్తగా బిగించిన యూ బోల్టులు కొన్నాళ్లు తిరిగాక మళ్లీ బిగించుకోవాలి. సరేనని బయలుదేరాం. హైవే రద్దీ వద్దనిపించింది, పైగా ఆయన శామీర్‌పేట చెరువు చూసి చాలా కాలమైంది. అందుకని ఆ దారి పట్టాను.

ఊరు దాటుతూనే మొదటి గుంత. ధన్‌మనే చప్పుడు రాలేదు. దానికి బదులు బండి వెనక భాగం ఎగిరి పడింది. రెండో గుంతకూ అంతే, వెనక నుంచి ఎవరో తన్నినట్టు. మోయడానికి బరువేమీ లేక అంత ఉక్కూ వంగనని మొండికేసింది. నేను ఎంత మెల్లగా పోయినా లాభం లేదు. ఆయన సీటు అంచు పట్టుకుని, పెదవి బిగబట్టి, రోడ్డుకేసి చూస్తున్నాడు. ఒక ఊరి బస్టాపు దగ్గర చేయి అడ్డం పెట్టాడు.

“ఆపు పద్మా. నేను బస్సుల వస్త. నువ్వు పో.”

దిగి, బస్టాపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇంట్లో నిలబడినట్టే. నాకు ఏడుపొచ్చింది. బస్సులో అయినా కుదుపులే కదా, అసలు ఆ పాడు పట్టీ ఎందుకు పెట్టించానా అని నా మీద నాకే ఒళ్లు మండింది. ఒక్కసారికే వస్తానన్న మనిషి వచ్చాడు, ఆ ఒక్కసారీ అయిపోయింది.

ఆ బస్టాపులో ఏడుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. చేమంతి తోటలో కలుపు తీసి ఇంటికి పోతున్న కూలీలు. చేతుల్లో సద్ది గిన్నెలు. వాళ్లలో పెద్దావిడ, పేరు మల్లమ్మ అని తర్వాత తెలిసింది, లేచి నా దగ్గరికొచ్చింది. శామీర్‌పేట చెరువు అవతలి పక్క తమ ఊరని, బస్సు ఇంకో గంటకు గానీ రాదని, ఎక్కించుకుంటావా అని అడిగింది. నేను కుదరదని ముఖం మీద కొట్టినట్టు చెప్పాను. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం తప్పు కూడా, మీరు నన్ను చూసి నేర్చుకోకండి. అయితే నా భయం అది కాదు. బరువెక్కితే దెబ్బ పెరుగుతుందని పాత కమాన్లు నేర్పిన లెక్క నాది. ఆయన మనసు మార్చుకుని ఎక్కుతాడేమోనని ఇంకా ఆశ ఉంది.

గోడ దగ్గర నుంచి మా ఆయన అన్నాడు, “ఎక్కించు. పొద్దటి సంది వంగి వంగి చేసిన నడుములు.”

నడుము నొప్పి గురించి ఆయన మాట్లాడితే కాదనడానికి నేనెవర్ని. వెనక తలుపు దించాను. మిగతావాళ్లంతా ఎక్కారు. మల్లమ్మ ఎక్కబోతూ ఆగి ఆయన్ను చూసింది. “నువ్వు దిగినంక మేమెట్ల పోతం అన్నా? ఎక్కు, అక్క మెల్లగ తోల్తది,” అంది. వాళ్లందరూ తన కోసం ఆగిపోయారని చూసి, సిగ్గుపడి, ఆయన మళ్లీ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

నేను మొదటి గేరులో మెల్లగా బండి కదిలించాను. గుంత వచ్చింది. బండి అడుగు కొట్టుకోలేదు, ఎగరలేదు. మెత్తగా దిగి, మెత్తగా లేచింది. ఇంకో గుంత. అదీ అంతే. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ ఉక్కుకు కావలసింది మోయడానికి నలుగురు మనుషులేనని అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత దారి గురించి నేను సరిగ్గా చెప్పలేను. సాయంత్రపు ఎండ పొలాల మీద పసుపు పచ్చగా పరుచుకుంది. ప్లాట్లు చేసిన భూముల్లో హద్దురాళ్ల మధ్య గడ్డి ఊగుతోంది. వెనక నుంచి ఆడవాళ్ల బట్టలకు అంటిన చేమంతి వాసన, ఎవరో సన్నగా తీస్తున్న కూనిరాగం. రోడ్డే మమ్మల్ని మోసుకుపోతున్నట్టుంది. చెరువు కనిపిస్తుందేమో చూడమని ఆయనకు చెప్పబోయాను. తల కిటికీకి ఆన్చి, నోరు కొంచెం తెరిచి, నిద్రపోతున్నాడు.

సీటు వెనక చిన్న అద్దం తలుపు తీసి ఉంది. మల్లమ్మ అందులోంచి, పండుకున్నాడా అని సైగతో అడిగింది. ఆయన నిద్రపోయి నెలలైందని గుసగుసగా చెప్పాను. ఆవిడ వెనక్కి తిరిగి ఏదో అంది. కూనిరాగం ఆగిపోయింది.

శామీర్‌పేట చౌరస్తాలో అంగట్లో పనుందని ఇద్దరు దిగారు. బండి కదలగానే తేడా తెలిసింది. ఒక కుదుపుకు నిద్రలోనే ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. అది నేనూ చూశాను, అద్దంలోంచి మల్లమ్మా చూసింది, బరువు తగ్గితే బండి ఎగురుతుందని తనకూ అర్థమైంది. చెరువు పక్కగా పోయి వాళ్ల ఊరి మలుపు దగ్గర బ్రేకు మీద కాలు పెట్టాను. మల్లమ్మ చేయి అద్దంలోంచి వచ్చి మెల్లగా నా భుజం తట్టింది.

“ఆపకు అక్కా. ఇంకొంచెం పోనియ్యి.”

ఇంటి దగ్గర పిల్లలు, వంట, ఆలస్యం అవుతుందన్నాను.

“పొయ్యి యాడికి పోతది? ఆయన్ని పండనియ్యి,” అంది.

మిగిలిన నలుగురిలో ఒక్కరు కూడా కాదనలేదు. పొద్దున్నించీ వంగి పనిచేసి, ఇల్లు కళ్ల ముందే ఉండి, దిగకుండా కూర్చున్నారు. నేను వాళ్ల ఊరు దాటించాను. చెరువు వెంట ఎక్కడిదాకా రోడ్డు బాగుంటే అక్కడిదాకా పోయాను, తిరిగొచ్చాను, మళ్లీ పోయాను. నీళ్ల మీద ఎరుపు పోయి బూడిద రంగు వచ్చింది, కొంగలు గుంపుగా ఒడ్డుకు చేరాయి. నేను ఏడుస్తూనే నడిపాను, తుడుచుకోలేదు.

దీపాల వేళకు వాళ్ల ఊరి ముందు ఆపితే ఆయనకు మెలకువ వచ్చింది. ఒక్కొక్కరే నడుము పట్టుకుని దిగుతున్న వాళ్లను చూసి, చీకటి పడ్డదేమని నన్నడిగాడు. చెప్పాను. ఆయన కిందికి దిగి, ఏమనాలో తెలియక చేతులు జోడించాడు. ఖాళీగా పోతే బండి మళ్లీ ఎగురుతుందని వాళ్లే గుర్తు చేశారు. ఊరి చివర ఎర్రమట్టి ఉంది. మా బండిలో ఎప్పుడూ ఉండే ఖాళీ సంచులు నింపి, తలా ఒక చేయి వేసి ఎక్కించారు. మట్టి మాకు ఎలాగూ కావాలి.

తూంకుంట, హకీంపేట మీదుగా ఇంటి దారి పట్టాం. చూడటానికి మేడ్చల్‌లో ఏముందని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది తక్కువ. పట్టీల విషయంలో మాత్రం నా మాట వినండి, అదనంగా వేయించకండి. వేయించారా, దారిలో చెయ్యెత్తిన వాళ్లను చూసి బండి ఆపండి. నాకైతే ఆ సాయంత్రం లోకం మీద చాలా ఇష్టం కలిగింది, మర్నాటికి తగ్గుతుందనుకున్నాను, ఇంకా తగ్గలేదు.

కౌకూర్ మలుపు తిరిగాం. మా ఆయన నిద్ర ముఖంతోనే సీట్లో సర్దుకుని, వెనక్కి వాలి కూర్చున్నాడు.

“రేపు ఎన్నింటికి పోదాం?” అన్నాడు.

ఏడింటికి అని చెప్పి, గేరు తగ్గించి మెల్లగా మా వీధిలోకి తిప్పాను.