సగం సుడి ఉండదు

కోదాడ కాలేజీలో నేను ఫిజిక్స్ చెబుతాను. అంతకుముందు ఐదేళ్లు దూరపు ఊళ్లో పీహెచ్‌డీ చేశాను. గిన్నెలో పోసి తిప్పిన అతిశీతల హీలియంలో సుడులు ఎలా పుడతాయి, ఎలా నశిస్తాయి అన్నదే నా పని. ఆ ఐదేళ్లలో ఇంట్లో ఎవరూ దాని గురించి అడగలేదు. వేములపల్లి దగ్గర మాది గొర్లు, పశువులు సాకే ఇల్లు. హీలియం అంటే జాతరలో అమ్మే బుగ్గల్లో, అంటే బెలూన్లలో, నింపే గాలి అని మాత్రం మా నాయినకు తెలుసు. అది నిజమే కాబట్టి నేనూ అంతకుమించి చెప్పలేదు.

పోయిన ఏడాది సూర్యాపేటలో ఒక బడివాళ్లు నా పరిశోధన గురించి పిల్లలకు తెలుగులో చెప్పమని పిలిచారు. రాయడానికి కూర్చుంటే మొదటి వాక్యంలోనే "క్వాంటీకృత భ్రమిళాలు" అని వచ్చింది. మా కాలేజీలో తెలుగు చెప్పే మేడమ్‌కు చూపించాను. ఆమెది కోదాడే.

"ఇది తెలుగేనంటారా అండీ? నాకే అర్థం కావట్లేదు, పిల్లలకేం అర్థమవుద్ది?" అని నవ్వేసింది.

ఆదివారం ఇంటికి వెళ్లాను. నాయిన కొట్టంలో కొత్తగా కొన్న కోడెదూడను తోముతున్నాడు. "ఏంది బిడ్డా, పరేషాన్‌ల ఉన్నవ్?" అన్నాడు.

"మాట దొరుకుతలేదు నాయినా. నీళ్లల్ల సుడి జోరుగ తిరగొచ్చు, మెల్లగ తిరగొచ్చు. నేను చదివిన సుడులు అట్ల కాదు. అన్నిటి బలం ఒక్కటే. అండ్ల సగం బలమున్నది ఉండదు. దాన్ని ఎట్ల చెప్పాలె?"

ఆయన దూడ నుదుటి మీది వెంట్రుకల సుడిని వేలితో చూపించాడు. "గిదీ సుడే గద. ఒకదానికి ఒకటి ఉంటది, ఇంకోదానికి రెండుంటయ్. సగం సుడి యాడనన్న ఉంటదా?"

ముందు రాసిందంతా కొట్టేసి ఆ మాట రాసుకున్నాను.

మర్నాడు నాయిన కూడా నాతో సూర్యాపేట వచ్చాడు, దవాఖానలో కళ్లు చూపించుకోవడానికి. ఆ పని తొందరగా అయిపోయింది. కళ్లల్లో మందు వేయడంతో ఆయనకు బోర్డు కనబడదు. అయినా నాతో బడికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. మైనస్ రెండు వందల డెబ్బై ఒకటి డిగ్రీల కన్నా కిందికి చల్లబరిస్తే హీలియంలో కొంత భాగం రాపిడి లేని ద్రవమవుతుంది. గిన్నెను మెల్లగా తిప్పితే ఆ భాగం కదలనే కదలదు. వేగం పెంచితే ఉన్నట్టుండి నిలువు దారంలాంటి ఒక సుడి లోపలికి వస్తుంది. ఇంకా పెంచితే అది బలపడదు, అలాంటిదే ఇంకొకటి వస్తుంది. అన్నీ నాటేసిన వరి మొక్కల్లా ఎడం పాటించి నిలబడతాయి. సగం సుడి మాట చెప్పగానే పిల్లలు నవ్వారు.

ప్రశ్నలడగమంటే ఎవరూ లేవలేదు. వెనక నుంచి నాయిన గొంతు వినిపించింది. "తిప్పుడు బందు జేస్తే అవన్నీ యాడికి పోతయ్ బిడ్డా?"

ఐదేళ్లు నేను చదివింది ఆ ప్రశ్నే.

"సగం కావడం కుదరదు గద నాయినా, అందుకే ఉన్నకాడ బలం తగ్గిపోవు. పక్కకు జరుగుకుంట గోడ దాక పోయి, ఆడ ఒక్కొక్కటే ఖతమైతయ్. హీలియంల మిగిలిన మామూలు ద్రవం రాపిడి వాటిని జరుపుతది."

ముందు వరసలో ఒక అమ్మాయి లేచింది. "ఇంకా సల్లగ జేసి ఆ రాపిడి గూడ లేకుంట జేస్తే, మేడమ్?"

"అప్పుడూ పోతాయమ్మా" అన్నాను. సుడులు చిక్కుపడి, ఒకదాన్నొకటి దాటేచోట తెగి, మళ్లీ అతుక్కుంటాయి. ఆ కుదుపుకు దారం పొడవునా అలలు లేస్తాయి. అవి సన్నబడి, సన్నబడి, చివరికి శబ్దంగా మారిపోతాయి. ఆ ఆఖరి మెట్టు గురించి మాకూ పూర్తిగా తెలియదని చెప్పాను. ఆ అమ్మాయి అది కూడా నోట్సులో రాసుకుంది.

బస్టాండులో చాయ్ తాగుతుంటే నాయిన అడిగాడు, "గా పని ఇప్పటికీ చేస్తున్నవా?"

"సెలవులల్ల, కంప్యూటర్ మీద. జర్రంత."

"మంచిగున్నది. ఇడ్సిపెట్టకు" అన్నాడు. మా ఊరి వైపు పోయే మిర్యాలగూడ బస్సు రాగానే ఆయన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, నేను కోదాడ బస్సెక్కాను. దారి పొడవునా ఆ అమ్మాయికి ఇంకా ఏమేం చెప్పి ఉండాల్సిందో ఆలోచిస్తూ, హాయిగా ఇంటికి చేరాను.