బొబ్బిలి సిక్ లైను

రైలు వ్యాగన్లు రిపేరు చేసే షాపు వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో వ్యాగన్ ఫిట్టర్ నాగబాబు నడుం పట్టుకునే ఇంటికొస్తాడు, పట్టుకునే ప్లైవుడ్ పలక ముందు కూర్చుంటాడు. పలక మీద బొబ్బిలి కోట. చుట్టూ తను పుట్టీతో చేసి రంగులేసిన అంగుళం ఎత్తు సిపాయిలు. బొబ్బిలి పౌరుషం మీద ఉపన్యాసాలంటే అతనికి ఒళ్ళుమంట. ఫిరంగి ఎంత దూరం కొడుతుందో స్కేలుతో కొలవాలి, తగిలిందో లేదో పాచిక వేసి తేల్చాలి, అంతే. మూడేళ్ళుగా ఎదుట కూర్చునే మనిషే దొరకలేదు. పక్క క్వార్టర్ సూరిబాబు ఒక్కపూట ఆడి, "దీనికన్నా క్యారమ్స్ నయం గురూ" అని లేచిపోయాడు. ఇక మిగిలింది అక్కడి హిందీ బళ్ళో చదివే ఆరేళ్ళ కూతురు ఫణిశ్రీ. ఆదివారం సాయంత్రం దానికి కోట అప్పగించి, దాడి చేసే ఫ్రెంచి పక్షం తను తీసుకున్నాడు. అతని పాచికకి ఆరు పడింది, కోటగోడ మీద సిపాయి పోయాడు. ఫణిశ్రీ వాణ్ణి తీసి పలక అంచున పడుకోబెట్టి సుద్దముక్కతో గీత గీసింది. షాపులో పాడైన వ్యాగన్లు నిలిపే సిక్ లైను దానికి ఊహ తెలిసినప్పట్నుంచీ తెలుసు.

"రేపటికి ఫిట్ హో జాయేగా నాన్నా."

"అలగ కాదమ్మా, చచ్చిపోయినోడు మరి లెగడు."

"నువ్వు విరిగిపోయిన డబ్బాలు బాగుచేసి పంపేస్తావు కదా? వీణ్ణి పంపకపోతే నేనాడను, బస్."

ఇలాగైతే ఈ యుద్ధం ఎన్నటికీ తెగదు, షాపులో లైను ఎన్నేళ్ళకీ ఖాళీ కానట్టే. నాగబాబు నడుం సర్దుకుని, ఇందాక తన పక్షాన పడ్డ ఫ్రెంచి సిపాయిని కూడా గీత పక్కన పడుకోబెట్టాడు.

"వీడెప్పుడు ఫిట్టే?"

ఫణిశ్రీ తలెత్తలేదు. "వరసలో ఉంచు. నంబర్ ఆయేగా."