జడ్చర్ల నుంచి తెచ్చిన బేరింగ్

నల్గొండలో పానగల్ రోడ్డు మీద నాకొక చిన్న వర్క్‌షాపు ఉంది. రేకుల షెడ్డు, ఇనుము చెక్కే ఒక పాత లేత్ మిషన్, డ్రిల్లింగ్ మిషన్, గ్రైండర్. బోరు మోటార్ల షాఫ్టులు, ట్రాక్టర్ల బుష్‌లు చేసి ఇస్తూ బతుకుతున్నాను. మొన్న ఎండాకాలం మొదట్లో, సరిగ్గా బోర్ల పని మీద పడే రోజుల్లో, లేత్ గురగురమనడం మొదలుపెట్టింది. తిరిగే ఇరుసును పట్టి ఉంచే రెండు బేరింగులూ అరిగిపోయాయి. హైదరాబాద్‌లో అడిగితే ఆ సైజు ఇప్పుడు రావడం లేదన్నారు. బయటి దేశం నుంచి తెప్పిస్తానని ఒకాయన చెప్పిన ధరకు ఇంకో పాత లేతే వచ్చేలా ఉంది.

అప్పుడు జడ్చర్ల యూసుఫ్ భాయ్ గుర్తొచ్చాడు. వయసులో ఉన్నప్పుడు ఇద్దరం హైదరాబాద్‌లో ఒకే కార్ఖానాలో పని నేర్చుకున్నాం. అది మూతపడి సామాను వేలం వేసినప్పుడు, పక్కపక్కన ఉన్న రెండు లేతులను చెరొకటి కొనుక్కున్నాం. నాది నల్గొండకు వచ్చింది, ఆయనది జడ్చర్లకు పోయింది. ఫోన్ చేస్తే ఆయన భార్య హసీనా భాభీ ఎత్తింది.

"రా భయ్యా. మిషన్ అమ్ముతున్నం. బేరింగులు మంచిగున్నయ్, నిన్నే తీస్కపొమ్మంటున్నడు" అంది.

భాయ్‌కి ఫోన్ ఇవ్వమంటే, "వచ్చినంక మాట్లాడు" అని పెట్టేసింది. పనిలో ఉన్నాడేమో అనుకున్నాను.

బుధవారం పొద్దున ఆరు గంటలకు దేవరకొండ బస్సు ఎక్కాను. నల్గొండ నుంచి జడ్చర్లకు దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పోవడమే సులువు. రెండు చోట్ల బస్సు మారాలి. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బస్సులు నిండుగా ఉంటాయి. కూర్చుని పోవాలంటే బస్టాండులోనే ఎక్కాలి. సంచిలో బేరింగులు లాగే పుల్లర్, స్పానర్లు, గ్రీజు డబ్బా, ఒక జత బట్టలు పెట్టుకున్నాను.

దేవరకొండలో ఇడ్లీ తిని కల్వకుర్తి బస్సెక్కాను. పక్క సీటు రైతు కాళ్ల దగ్గర గోనెసంచిలో ఏదో బరువైన సామాను పెట్టుకున్నాడు. మోటరా అని అడిగితే అవునన్నాడు.

"బోరు ఎండిపాయె. ఇంక గీ మోటరుతోని నాకేం పని? కల్వకుర్తిల ఒకాయన కొంటనన్నడు" అని సంచి మీద చెయ్యి వేశాడు. "కొన్ననాడు మా వాళ్లందర్ని పిలిచి దావత్ జేసిన. గిప్పుడు ఎవ్వలికి జెప్పకుంట తీస్కపోతున్న."

కల్వకుర్తిలో ఆయన సంచి దించడానికి ఒక చెయ్యి వేశాను. అక్కడ చాయ్ తాగి, జడ్చర్ల బస్సు పట్టుకుని, మధ్యాహ్నం నమాజు వేళకు యూసుఫ్ భాయ్ షాపు ముందు దిగాను. షాపు ఊరి బయట కల్వకుర్తి రోడ్డుమీదే ఉంది. డ్రైవర్‌ను అడిగితే ఆపుతాడు.

షట్టర్ సగం ఎత్తి ఉంది. వంగి లోపలికి పోయాను. మిషన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆయనే యూసుఫ్ భాయ్ అని తెలియలేదు. నోరు ఒక పక్కకు లాగేసింది. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది. నన్ను చూసి ఎడమ చెయ్యి ఎత్తాడు.

"అం... జీ" అని నా పేరు పిలిచాడు.

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఆ చల్లటి కుడి చేతిని పట్టుకున్నాను. నాకు మొదటిసారి ఇనుమును పాడు చెయ్యకుండా చెక్కడం నేర్పింది ఆ చెయ్యే.

వెనక ఇంట్లోంచి భాభీ నీళ్లు తెచ్చింది. పోయిన వానాకాలం, మిషన్ నడుస్తుండగానే పడిపోయాడట. పక్షవాతం. మహబూబ్‌నగర్ దవాఖానలో చాలా రోజులు ఉన్నారట.

"నాకు ఒక్క మాట చెప్పకపోతిరి భాభీ" అన్నాను.

"ఆయననే వద్దన్నడు భయ్యా. లేచి నడిచినంక చెప్తం, గప్పుడే ఫికర్ ఎందుకన్నడు." ఆమె భర్త వైపు చూసి గొంతు తగ్గించింది. "షాపు ఖాళీ చెయ్యిమంటున్నరు. మిషన్ ఎవ్వలు కొంటలేరు, అందరు కంప్యూటర్ మిషన్లే అడుగుతున్నరు. రేపు పొద్దుగాల స్క్రాపోళ్లు బండి తెస్తరు. గంతలోపల నీకు పనికొచ్చేది తీస్కో."

మిషన్ మొత్తం నేనే తీసుకుపోతే బాగుండునని ఆ క్షణంలో అనిపించింది. నా షెడ్డులో రెండో లేతుకు జాగా లేదు, లారీ కిరాయికి తాహతూ లేదు.

అన్నం పెట్టింది. పప్పు, తలకాయ కూర. తిని వచ్చి స్పానర్ తీశాను. మొదటి బోల్టు మీద పెట్టగానే భాయ్ ఎడమ చేత్తో కుర్చీని తట్టాడు. ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు.

"ఒక్కసారి నడిపియ్ అంటున్నడు" అంది భాభీ.

కరెంటు ఎప్పుడో తీసేశారు. పక్క వెల్డింగ్ షాపు రాములు ఒక్క మాట కూడా అడగకుండా వైరు లాగి ఇచ్చాడు. నూనె పోసి, చేత్తో రెండు చుట్లు తిప్పి చూసి, కుర్చీని మిషన్ దగ్గరికి జరిపాను. మీట ఎత్తాను. బెల్టు జారి, మళ్లీ పట్టుకుని, మిషన్ తిరిగింది. దుమ్ము లేచింది. రాములు గుమ్మంలో నిలబడిపోయాడు. భాయ్ కళ్లు మూసుకుని, తల కాస్త వంచి విన్నాడు. వంకరపోయిన ఆ మూతి మీద నవ్వు వచ్చిందో, ఏడుపు వచ్చిందో చెప్పలేను.

ఎంతసేపు నడిచిందో తెలియదు. నాకు ఆపబుద్ధి కాలేదు. చివరికి ఆయనే ఎడమ చెయ్యి చాచి మీట దించాడు. ఇరుసు మెల్లగా తిరిగి తిరిగి ఆగింది.

"ఇప్పు... డు విప్పు" అన్నాడు.

సాయంత్రం దాకా పట్టింది. ముందు వైపు బేరింగ్ చక్కగా ఉంది, తుడిస్తే కొత్తదానిలా మెరిసింది. వెనకది పుల్లర్ పెట్టి లాగితే రాలేదు. వేడి చేసి లాగాం. వచ్చాక చూస్తే రోలర్లన్నీ తుప్పు తిని గుంటలు పడ్డాయి. ఆ మూలన పైరేకుకు చిల్లి ఉంది. మిషన్ ఆగిన వానాకాలమంతా నీళ్లు దాని మీదే పడ్డాయి.

దాచేద్దామనుకున్నాను కానీ ఆయన చెయ్యి చాచాడు. అరచేతిలో పెట్టాను. వేలితో తడిమి చూసి, ఒక్కసారిగా చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రెండూ మంచిగున్నాయని మాట ఇచ్చాడు కదా.

"అది గూడ నా లెక్కనే" అన్నాడు. అదొక్కటీ స్పష్టంగా వినబడింది. "ఒక్క... పక్కనే."

ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను. పొద్దున పోయేముందు భాభీ చేతిలో డబ్బు పెట్టాను. ఆమె వద్దనలేదు. వద్దనగలిగే స్థితిలో లేదు. రెండో బేరింగు కోసం మహబూబ్‌నగర్ పోతున్నానని భాయ్‌కి చెబితే, మధ్యాహ్నం ఏ బస్సుకు తిరిగిపోతానో అడిగాడు. రెండు గంటలు దాటాక కల్వకుర్తి బస్సు అని చెప్పాను.

జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ అరగంట ప్రయాణం. అక్కడ పాత సామాను కొనబోయేవారికి ఒక మాట: అరిగిన బేరింగును వెంట తీసుకుపోండి. నంబరు చెబితే లేదంటారు, వస్తువు చూపిస్తే వెతుకుతారు. మెరిసే డబ్బా చూసి మోసపోకండి, చెవి దగ్గర పెట్టుకుని తిప్పి చూడండి. మూడు దుకాణాలు తిరిగాక నాలుగో దాంట్లో ఒక పెద్దాయన కొలిచి చూసి అడిగాడు.

"అచ్చం గిసొంటిదే గావాల్నా, నడిచేది గావాల్నా?"

"నడిస్తె చాలు సేట్."

లోపలి కొలత, బయటి కొలత సరిపోయి మందం కొంచెం తక్కువ ఉన్నది ఇచ్చాడు. ఆ సందుకు ఒక రింగు వేస్తే సరిపోతుందన్నాడు. వెనక సందులో ఉన్న లేత్ షాపువాళ్లు నేను చూస్తుండగానే రింగు చేసి ఇచ్చారు. అన్నీ కలిపి హైదరాబాద్‌లో చెప్పిన దాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు. పని అయింది. సంతోషం మాత్రం ఎక్కడా రాలేదు.

జడ్చర్ల మీదుగా కల్వకుర్తి పోయే తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. సీటు దొరకలేదు. జడ్చర్ల బస్టాండులో ఇంకా జనం ఎక్కి నన్ను లోపలికి తోసేశారు. కల్వకుర్తి రోడ్డు మీదికి రాగానే వంగి, ఎవరి భుజం మీదుగానో బయటికి చూశాను.

షట్టర్ పూర్తిగా ఎత్తి ఉంది. లోపల ఖాళీ. రోడ్డు పక్కన ఎండలో ప్లాస్టిక్ కుర్చీ, అందులో యూసుఫ్ భాయ్. వెనక భాభీ కొంగు నీడగా పట్టి నిలబడింది. మా ముందు పోతున్న బస్సుకు ఆయన ఎడమ చెయ్యి ఎత్తి ఊపుతున్నాడు. మా బస్సు వచ్చింది, దానికీ ఊపాడు. నేను ఎందులో ఉన్నానో ఆయనకు తెలియదు. "భాయ్!" అని అరిచాను. ఇంజను చప్పుడులో నా పక్కవాళ్లకు తప్ప ఎవరికీ వినబడలేదు.

"ఎవలు బిడ్డా ఆయన?" అని సీట్లో కూర్చున్న ఒక అవ్వ అడిగింది.

"మా దోస్తు అవ్వా."

ఆమె కాస్త జరిగి సంచి పెట్టుకోవడానికి జాగా ఇచ్చింది. నేను కిటికీ వైపు వంగి వెనక్కి చూశాను. మా వెనక ఇంకో బస్సు వస్తోంది. ఆయన దానికి కూడా చెయ్యి ఎత్తుతున్నాడు.