పిన్ని అడిగిన డిపాజిట్

మా పిన్ని చల్లపల్లి దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. బాబాయి పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. చేతికొచ్చిన డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తానంటే, పటమటలో మా ఇంటి దగ్గర, తన ఖాతా ఉన్న బ్యాంకుకే తీసుకెళ్ళాను.

మేనేజరు లేచి నిలబడ్డాడు. నేనెన్నిసార్లు వెళ్ళినా తలెత్తని మనిషి, పిన్ని ఖాతాలో నిల్వ చూసి లేచాడు. కాఫీ తెప్పించాడు. పింఛను కోసం తలుపు దగ్గర నిలబడ్డ ముసలాయన్ని మాత్రం "తర్వాత రా" అని కసిరాడు. మేనేజరు మీద నాకున్న కాస్త గౌరవం అక్కడే పోయింది.

"డిపాజిట్‌లో ఏముందమ్మా? అలాంటిదే, ఇంకా మంచిది ఉంది. ఐదేళ్ళు కడితే చాలు" అన్నాడు.

"ఏటేటా కట్టాలా? నేను రిటైరయ్యాను కదండీ" అంది పిన్ని. "మధ్యలో డబ్బు అవసరమైతే?"

"మధ్యలో ఎందుకవసరమవుద్దమ్మా? దేవుడు చల్లగా చూస్తాడు."

సగం జీవితం వార్డుల్లో గడిపిన మనిషికి ఈయన చెప్తున్నాడా మాట. పిన్ని చిన్నగా నవ్వింది. దాన్ని ఒప్పుకోలనుకుని ఆయన కంప్యూటర్లో వివరాలు కొట్టేసి, "కంపెనీ నుంచి ఫోనొస్తది. ఏమడిగినా అవునని చెప్పండి" అన్నాడు.

ఫోన్ మోగింది. పిన్నికి చెవి కొంచెం మందం, అందుకని స్పీకర్ పెట్టింది. "ఇది బీమా పాలసీ అని, బ్యాంకు డిపాజిట్ కాదని మీకు తెలుసాండీ?" అని ఒకమ్మాయి అడిగింది. మేనేజరు అవుననమని తల ఊపుతూనే ఉన్నాడు.

"తెలీదమ్మా. ఈయన డిపాజిట్ లాంటిదే అన్నారు. నాకొద్దు" అని పిన్ని పెట్టేసింది.

"అలా అనేస్తే ఎలాగండీ" అని ఆయన ముఖం మాడ్చుకున్నాడు.

"ఇందులో మీకు కమీషన్ ఎంతొస్తుందండీ?" అన్నాను నేను.

"అలాంటిదేం లేదు మేడం. మాకూ టార్గెట్లుంటయ్ కదా." ఒకే ఊపిరిలో లేదనీ, ఉందనీ చెప్పగలిగిన నోరు అది.

పిన్ని మాత్రం నింపాదిగా అడిగింది. "డిపాజిట్ చేస్తే నా డబ్బు మీరేం చేస్తారు బాబూ?"

"అప్పులిస్తాం."

"నాకిచ్చే వడ్డీ కంటే ఎక్కువకేగా?"

"అవును."

"మరి ఆ మిగిలేది చాలదా?"

ఆయన గుమాస్తాకు మమ్మల్ని అప్పగించి ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. పిన్ని అత్యవసరానికి కొంత సేవింగ్స్ ఖాతాలోనే ఉంచి, మిగతాది నాలుగు డిపాజిట్లు చేసింది, ఏడాదికొకటి గడువు తీరేలా. అన్నీ ఒకేసారి పగలగొట్టుకోవాల్సిన అవసరం రాకూడదంది.

ఆ మేనేజరుకి తర్వాత ప్రమోషన్ వచ్చిందని విన్నాను. పాలసీలు బాగా చేయించాడని శాలువా కూడా కప్పారట. అలాంటి భుజాలకే శాలువాలు దొరుకుతాయి.

మరుసటి ఏడాది పిన్ని మోకాలికి ఆపరేషనైంది. అప్పుడే గడువు తీరిన డిపాజిట్ తీసి బిల్లు కట్టాం. మిగతా మూడూ కదల్లేదు. ఇప్పుడు ఆదివారం చర్చికి ఆటో ఎక్కకుండా నడిచే వెళ్తోంది.