సుమ ఎడమకాలు

మా ధర్మవరం వీధి కొళాయి దగ్గర ఒక మాట తిరుగుతోంది. నేతపని చేసే సుమకు పుట్టగానే స్టెరాయిడ్ ఇచ్చారట, అందుకే ఎడమకాలు ఈడుస్తుందట, ముప్పై ఏళ్ళు నిండేసరికి ఎముకలు పిండైపోతాయట. ఇందులో మొదటిది నిజం. రెండోది ఎవరూ తేల్చి చెప్పలేరు. మూడోది కొళాయి దగ్గరే పుట్టింది. ఏదైనా సగం తెలిస్తే నాకు అన్నం దిగదు కనుక, అంతా కనుక్కునే రాస్తున్నాను.

సుమ నెలలు నిండకుండా పుట్టింది. మా ఇంటి పప్పుగుత్తి కంటే కాస్త పొడవుండేది, అంతే. ఊపిరి మిషను తీస్తే బతకదనే స్థితిలో డాక్టర్లు ఆ మందు ఇచ్చారు. బిడ్డ సొంతంగా ఊపిరి తీసింది. నడక మాత్రం ఆలస్యమైంది, ఎడమపాదం బిగుసుకుపోయి ఉండేది.

మగ్గం గుంటలో కూర్చున్నాక రెండు కాళ్ళతోనూ తొక్కుడు చెక్కలు తొక్కాలి. సుమ రెండు చెక్కలనూ కుడివైపుకు జరిపి కట్టించుకుంది. కుడికాలే రెండూ తొక్కుతుంది. ఎడమకాలు పెళ్ళికొడుకు మేనత్తలా ఊరికే కూర్చుంటుంది.

ఇన్నాళ్ళూ సన్నంచు చీరలే నేసిన సుమకు, మగ్గాల యజమాని ఓబుళప్ప మొదటిసారి పెళ్ళిచీర నేయమని పడుగు దారాలు ఇస్తానన్నాడు. ఆ పిల్ల ఏళ్ళుగా ఎదురుచూసింది దానికోసమే. ఇంతలో ఈ పుకారు విని అతను వెనక్కి తగ్గాడు.

నేను పోయి నిలదీశాను. "ఏమప్పా, ఇస్తానని చెప్పి ఇప్పుడు నసుగుతాండావే?"

"చీర సగంలో ఆ పాప ఎముక ఇరిగితే ఎట్లక్కా? స్టెరాయిడంటే జిమ్ములో పిల్లోళ్ళు ఏసుకునేదే కదా?"

"అది యేరే, ఇది యేరే. తెలీకుంటే నోరు మూసుకో. నేను కనుక్కోనొస్తా."

సుమనూ, వాళ్ళమ్మ గంగాదేవినీ వెంటబెట్టుకుని హిందూపురం డాక్టరు దగ్గరికి పోయాను.

"కాలు అట్లా ఉండటం మందు వల్లో, ముందుగా పుట్టడం వల్లో విడదీసి చెప్పలేమమ్మా. ఆ మందు లేకుంటే బతికేదో లేదో కూడా చెప్పలేం. ఎముకలు ఇప్పుడు గట్టిగానే ఉన్నాయి. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకు బీపీ రావచ్చు, అది మాత్రం అప్పుడప్పుడు చూపించుకోండి" అన్నారాయన. నేనింకా అడుగుతూనే ఉంటే, పాపం, గ్లాసెడు నీళ్ళు తాగారు.

మరునాడు ఓబుళప్ప సుమ మగ్గం దగ్గరికే వచ్చాడు. గుంటలో సుమ నేస్తూనే ఉంది. ఆమె తల మీదుగా నన్నడిగాడు, "నిజంగా ఓపుతాదా అక్కా ఆ కాలు?" నేను డాక్టరు మాటలన్నీ చెప్పాను. చాలలేదు. గంగాదేవి వైపు తిరిగాడు.

"నన్నడుగుతావేమన్నా? కాలు నాదా?" అందామె.

అప్పుడు ఓబుళప్ప గుంటలోకి వంగాడు. "ఏం సుమా, కాలు ఓపుతాదామ్మా?"

సుమ చేయి ఆపింది. "ఇన్నేండ్లకు నన్నడిగినావు మామా! సాయంత్రానికి ఎడమకాలు బిగుసుకుంటాది. అప్పుడు లేసి కొంచేపు తిరిగి, టీ తాగి, మళ్ళీ కూర్చుంటా. ఆ టీ నువ్వే తెప్పించాల. పడుగు ఎప్పుడు పంపిస్తావు?"