గడప దాటని దుమ్ము

ఆ రోజు సూదిలో దారం ఎక్కలేదు. పక్కింటి అమ్మాయి జాకెట్టుకు కాజాలు కుట్టాలని కిటికీ దగ్గర కూర్చున్నాను. దారం చివర కత్తిరించి, ఎంగిలి చేసి, మళ్ళీ కత్తిరించి చూశాను. సూది ఒకవైపు పోతే దారం ఇంకోవైపు పోతోంది. దారమే నాసిరకమనుకుని రీలు పట్టుకుని దుకాణానికి పోయాను. "గిది నువ్వెప్పుడు తీస్కపోయే దారమే గదమ్మా" అన్నాడాయన పాపం. రీలు గల్లాపెట్టె మీద విసిరేసి వచ్చాను. ఇంటికి వచ్చేదాకా నాకే ఆశ్చర్యం. నాది కొంచెం దురుసు నోరే, మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. కానీ బజార్లో పరాయి మనిషి ముందు వస్తువు విసిరేంత దాన్ని కాదు.

మాది వరంగల్లో కరీమాబాద్. మా ఆయన బ్రహ్మంది అవుసుల పని. చౌరస్తా దగ్గర సందులో చిన్న దుకాణం ఉంది, నగలు అక్కడే చేస్తాడు. ఆకురాయితో నగను అరగదీసేటప్పుడు రాలే బంగారు పొడి కంటికి కనపడదు. అందుకే దుకాణం ఊడ్చిన దుమ్మంతా మూటగట్టి ఇంటికి తెచ్చేవాడు. కొంత కూడాక దాన్ని కాల్చి, నూరి, బేసిన్‌లో కడిగి, పాదరసం పోసి పిసికేవాడు. బంగారం పోయి పాదరసానికి అంటుకుంటుంది. దాన్ని గుడ్డలో పిండి, మిగిలిన ముద్దను పొయ్యి మీద పెడితే పాదరసం ఆవిరైపోయి బంగారం మిగులుతుంది. ఆ పొయ్యి మా వంటింట్లోది. వానాకాలంలో కిటికీ కూడా మూసే ఉండేది.

కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తమ్మ నాకు నేర్పిన మొదటి పద్ధతి ఒకటి ఉంది. "అవుసులోల్ల ఇంట్ల ఊడ్చింది గడప దాటొద్దు బిడ్డా" అని చెప్పింది. ఇల్లు ఊడ్చిన దుమ్ము కూడా డబ్బాలోనే పోయాలి, ఒక రవ్వ ఎక్కడుందో ఎవరికి తెలుసు! కడగ్గా మిగిలిన మట్టి కూడా అందులోనే. ఆ డబ్బా నా మంచం కింద ఉండేది.

దారం సంగతి తర్వాత ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. రూపాయి బిళ్ళ చప్పరిస్తున్నట్టు నోట్లో ఎప్పుడూ ఒకటే రుచి. చిగుళ్ళు వాచి, పళ్ళు తోముకుంటే రక్తం. పళ్ళ డాక్టర్ మౌత్‌వాష్ రాసిచ్చాడు. నిద్ర కరువైంది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే నడవాలనిపించేది. కుక్కర్ విజిల్ వేస్తే ఏడుపొచ్చేది. ఎవరైనా వస్తే వంటింటి తలుపు వెనక నిలబడి, వాళ్ళు పోయేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. నేను, ఊరంతటితో నోరుపెట్టుకునే నేను! ఏం చేయాలో తోచక చీపురు పట్టేదాన్ని. పొద్దున ఊడ్చిందే మధ్యాహ్నం ఊడ్చి, సాయంత్రం మంచం కింద డబ్బా జరిపి మరీ ఊడ్చేదాన్ని. "ఇల్లు అద్దమోలె పెట్టింది నా కోడలు" అని అత్తమ్మ మురిసిపోయేది.

మొదటి డాక్టర్ థైరాయిడ్ చూశాడు. "నార్మలే. ఇది ఆంగ్జైటీ అమ్మా, ఈ వయసుల ఉంటది, జర ఆలోచనలు తగ్గించుకోండి" అని నిద్రమాత్రలు రాశాడు. మందు వేసుకున్నా నిద్ర రాలేదు, మత్తు మాత్రం వచ్చింది. తర్వాత చేతులు వణకడం అందరికీ కనపడింది. చాయ్ గ్లాసు ఇస్తే సగం నేల మీదే. ఇంకో ఆస్పత్రిలో బ్రెయిన్ ఎంఆర్ఐ తీశారు. అదీ నార్మల్. ఆ మాట వినపడితే నాకు ఒళ్ళు మండేది. వాళ్ళ ఫిల్ముల్లో నేను నార్మల్, వాడకట్టులో మాత్రం "బ్రహ్మం పెండ్లానికి దిమాక్ ఖరాబైందట" అని గుసగుసలు. నిజానికి నా భయమూ అదే. చేతులు పోతే పోయాయి, నేను నాకు మిగిలితే చాలని దేవుణ్ణి అడిగేదాన్ని.

మా చెల్లె లత కాజీపేటలో ఉంటుంది, మరిదిది రైల్వే ఉద్యోగం. అది వచ్చి నా వాలకం చూసి, అదే రోజు ఆటో ఎక్కించి హనుమకొండలో న్యూరాలజీ మేడం దగ్గరికి తీసుకుపోయింది.

"శారదమ్మా, ఏం పని చేస్తరు?" అని అడిగింది మేడం.

"హౌస్‌వైఫ్."

ఇంతకుముందు డాక్టర్లు ఆ మాట రాసుకుని ముందుకు పోయేవారు. ఈమె తలెత్తి చూసింది. "హౌస్‌వైఫ్ సరే. హౌస్‌ల ఏం నడుస్తది?"

నాకర్థం కాలేదు. "కొట్లాటలు నడుస్తయి మేడం" అన్నాను.

ఆమె నవ్వింది గానీ వదల్లేదు. "అట్ల కాదమ్మా. రంగులద్దుడు, బ్యాటరీలు విప్పుడు, ఇంట్ల అసోంటి పని ఏదన్న?"

లత అందుకుంది. "బావది బంగారం పని మేడం."

"పాదరసం వాడ్తడా? ఏడ వేడి చేస్తడు?"

లత నా వైపు చూసింది. "మా వంటింట్ల" అన్నాను. మేడం పెన్ను బల్ల మీద పెట్టేసింది.

ఒక రోజంతా మూత్రం క్యాన్‌లో పట్టమన్నారు, రక్తం కూడా తీసి హైదరాబాద్ పంపారు. రిపోర్టు వచ్చాక మేడం మెల్లగా చెప్పింది. "మెర్క్యురీ లెవెల్ చాలా హై ఉందమ్మా. వణుకు, కోపం, నిద్ర లేకపోవుడు, మనుషులంటే భయం, అన్నీ దాంతోనే. మీ మైండ్ మంచిగనే ఉంది." అక్కడే, నలుగురి ముందు, పెద్దగా ఏడ్చాను. పిచ్చి కాదన్నందుకు ఏడ్చాను.

మా ఆయన నమ్మలేదు. "మా తాత చేసిండు, మా నాయన చేసిండు. ఎవ్వలకన్న ఏమన్న అయిందా?" అని గొంతు పెంచాడు.

అత్తమ్మ గోడకానుకుని వింటోంది. "మీ నాయన చేతులు గిట్లనే వణికేటియిరా" అంది. "ముసలితనమనుకున్నం. గప్పుడాయనకు నీ వయసే."

మర్నాడు ఆయన కూడా టెస్టు చేయించుకున్నాడు. ఆయనకూ ఎక్కువే ఉంది, నా అంత లేదు. ఆయన పగలంతా దుకాణంలో ఉంటాడు, నేనేమో పొయ్యి దగ్గర.

ఒంట్లో పాదరసాన్ని బయటికి లాగే చెలేషన్ వైద్యం మొదలుపెట్టారు. మూత తీస్తే మురిగిన గుడ్డు వాసన వచ్చే మాత్రలు, వాటితో వాంతులు, మధ్యమధ్య లివర్, కిడ్నీ టెస్టులు. ఇంట్లో ఉండొద్దన్నారు కాబట్టి కాజీపేటలో చెల్లె క్వార్టర్‌లోనే ఉన్నాను. రైలు కూత వినపడితే నేనూ ఎక్కడికో పోవాలన్నట్టు లేచి నిలబడేదాన్ని. "కూసో అక్కా, అది సికింద్రాబాద్ బండి, నీకు టికెట్ లేదు" అని లత నవ్వించేది. మెల్లగా ఆ కూతల్లోనే నిద్ర పట్టడం మొదలైంది. లెవెల్ దిగింది. పొయ్యి మీద పాదరసం పెట్టడం ఆయన మానేశాడు. సంబరంగా ఇంటికొచ్చాను.

వచ్చాక మళ్ళీ మొదలు. నోట్లో బిళ్ళ రుచి, చేతిలో వణుకు. లెవెల్ మళ్ళీ పెరిగింది. ఈసారి నిజంగా విరిగిపోయాను. నా ఇంట్లో నేను బతకలేనా అని కనపడినవాళ్ళనల్లా అడిగాను.

"సోర్స్ ఇంక ఇంట్లనే ఉంది" అంది మేడం.

"మా అమ్మ మీద ఒట్టు మేడం, మళ్ల పొయ్యి మీద పెట్టలే" అన్నాడు మా ఆయన.

"పాత మట్టి?"

"అది డబ్బాల ఉన్నది, మంచం కింద."

"ఇల్లు శుభ్రం చేస్తుండ్రా?"

"మస్తు నీటుగ మేడం! ఈమె రోజుకు మూడుసార్లు ఊడుస్తది" అన్నాడు గొప్పగా.

మేడం రెండు చేతులతో తల పట్టుకుంది. "చీపురు పట్టొద్దమ్మా! ఊడ్చినప్పుడల్ల నేల మీది పాదరసం గాలిల లేస్తది, మీరు పీలుస్తుండ్రు."

రోగం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. కూర్చోలేక ఊడ్చాను, ఊడ్చి రోగాన్ని పెంచుకున్నాను. తల్చుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు.

"అయితే అంత తీస్కపోయి మోరీల పారబోస్త" అన్నాడాయన.

"మోరీల నుంచి చెరువులకు, చేపలకు, మళ్ళ ఎవరి కంచంలకో పోతది" అంది మేడం. ఏం చేయాలో విడమర్చి చెప్పింది. ఇంట్లో మిగిలిన పాదరసాన్ని మందమైన ప్లాస్టిక్ సీసాలో, పైన నీళ్ళు నిలిచేలా పోసి, మూత బిగించి, ఆ సీసాను ఇసుక పోసిన ఇంకో డబ్బాలో పెట్టాలి. మట్టిని దుమ్ము లేవకుండా తడిపి, రెండు కవర్లలో కట్టి, గట్టి మూత ఉన్న డ్రమ్ములో పెట్టాలి. అవి ఇంట్లో ఉండకూడదు. కాలుష్య నియంత్రణ ఆఫీసుకు చెప్పి, ఇలాంటివి తీసుకుపోయే వాళ్ళకే అప్పగించాలి.

ఆయన గ్లౌజులు, మాస్కు వేసుకుని చెప్పినట్టే కట్టాడు. నన్ను గేటు బయటే నిలబెట్టారు. డ్రమ్ము ఎత్తుకుని వస్తుంటే అత్తమ్మ గడప మీద అడ్డంగా నిలబడింది. "అండ్ల బంగారం ఉన్నదిరా" అంది.

"ఉన్నది. శారద పాణం గూడ అండ్లనే ఉన్నది. జరుగే అమ్మా" అన్నాడు. ఆమె జరిగింది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. చెప్పలేదు లెండి, చెబితే నెత్తికెక్కుతాడు.

ఆఫీసుకు లత ఫోన్ చేస్తే ఒకరు ఇంకొకరి నంబరిచ్చారు, ఆ ఇంకొకరు భోజనానికి పోయారు. లత అయినా వదల్లేదు. చివరికి వాహనం వచ్చి పట్టుకుపోయేదాకా డ్రమ్మును ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టి తాళం వేశారు. పరుపు, చాపలు కూడా దాంతోపాటే పోయాయి. నేల మీద పగుళ్ళు సిమెంటుతో పూడ్చారు, గోడలు తడిగుడ్డతో తుడిచి సున్నం వేశారు, కిటికీలు బార్లా తెరిచి ఉంచారు. అప్పటిదాకా లత దగ్గరే ఉన్నాను. మళ్ళీ టెస్టు చేసి, లెవెల్ దిగిందని మేడం చెప్పాకే ఇంట్లో అడుగుపెట్టాను.

ఇప్పుడు నిద్రపోతున్నాను. అలసిపోతే కుడిచెయ్యి కొంచెం వణుకుతుంది, అది ఉంటుందట. కాజాలు వేరేవాళ్ళకు ఇస్తున్నాను, హుక్కులు నేనే కుడతాను. దుకాణం దుమ్ము ఇంటికి రాదు. పొగ బయటికి పోకుండా మూసి ఉన్న యంత్రంలో బంగారం తీసేవాళ్ళకు ఆయన దుకాణం నుంచే పంపిస్తాడు. అక్కడే బట్టలు మార్చుకుని వస్తాడు. మా నేల తడిగుడ్డతోనే తుడుస్తాను. అత్తమ్మ మాత్రం మున్సిపాలిటీ బండి సందు మలుపు తిరిగేదాకా మా చెత్త వైపే చూస్తూ నిలబడుతుంది.

చదివే అక్కచెల్లెళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ఆస్పత్రిలో మీ పని అడిగినప్పుడు, ఇంట్లో ఇంకెవరు ఏం పని చేస్తారో, దేన్ని కాలుస్తారో, దేన్ని దాస్తారో, అడగకపోయినా చెప్పండి.

మొన్న చెకప్‌కు పోతే కౌంటర్‌లో కొత్తమ్మాయి కంప్యూటర్ వైపే చూస్తూ అడిగింది. "ఆక్యుపేషన్?"

"హౌస్‌వైఫ్. ఇంట్ల పాదరసం ఉండేది. అది గూడ రాయి బిడ్డా."

"రెండోది రాయనీకి జాగ లేదాంటీ."

"పక్కకు రాయి" అన్నాను. ఆమె రాసేదాకా అక్కడే కదలకుండా నిలబడ్డాను.